లిఫ్టాయన పెంచిన ఆకు

ఆ వీధిలో లిఫ్టు ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. అయినా ఆయన్ని అందరూ లిఫ్టాయన అనే పిలిచేవారు. ఊరి నడిబొడ్డున నిలబడ్డ ఎత్తయిన భవనాల్లో సగానికి పైగా లిఫ్టులు ఆయన చేతి మీదుగానే నడిచేవి. ఎక్కడ తలుపు మూసుకోనని మొరాయించినా, ఎక్కడ పెట్టె గడపకి బెత్తెడు కిందే ఆగిపోయినా, నూనె మరకల సంచీ భుజాన వేసుకుని వెళ్ళేవాడు. గోడకి చెవి ఆనించి కాసేపు వినేవాడు. జబ్బెక్కడో తెలిసిపోయేది. మనిషి మాత్రం మహా మితభాషి. ఎవరైనా కులాసాగా కబుర్లు మొదలుపెడితే, సంచీలో లేని పనిముట్టు కోసం వెతుకుతున్నట్టు తల వంచేసుకునేవాడు.

ఆ లోటంతా వడ్డీతో సహా భార్య తీర్చేది. ఇంటి ముందుగదిలో ఆవిడకి ఆడవాళ్ళ పార్లరు ఉండేది. నిలువెత్తు అద్దం, గిర్రున తిరిగే కుర్చీ, వంతు కోసం కూర్చునేవాళ్ళకి ఒక పొడవాటి బల్ల, అంతే. వీధివాళ్ళకి ఆవిడ పార్లరమ్మ. కత్తెర ఎంత చురుగ్గా ఆడేదో నోరూ అంత చురుగ్గా ఆడేది. జుట్టు బారెడుంటే బారెడు కబుర్లు, జానెడుంటే జానెడు. అందుకని జుట్టు పెద్దగా పెరగకుండానే వచ్చి కూర్చునేవాళ్ళు కొందరుండేవారు.

"మా ఆయనతో మాట్లాడటం కంటే లిఫ్టు బటన్ నొక్కడం నయమమ్మా, కనీసం దీపమైనా వెలుగుతుంది!" అని ఆవిడ అంటే బల్ల మీదవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. వెనకగదిలో టీ తాగుతున్న లిఫ్టాయన కూడా గ్లాసు చాటున నవ్వుకునేవాడు. పిల్లలు లేరు. ఇల్లు బోసిపోయిందని మాత్రం ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఎవరూ అనుకోలేదు. ఆవిడ గొంతు ఉన్నంతసేపూ నలుగురున్నట్టే ఉండేది.

అలాంటి మనిషికి ఒక ఏడాది ఉన్నట్టుండి ఆయాసం మొదలైంది. డాబా మెట్లు ఎక్కితే సగంలో కూలబడేది. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగేది. మాటకి అడ్డం రాబట్టి ఒప్పుకుంది గానీ, లేకపోతే ఆసుపత్రికి వచ్చే ఘటం కాదు. గుండెలో ఒక వాల్వు పాడైందన్నారు. దాన్ని తీసేసి లోహంతో చేసింది అమర్చాలన్నారు.

ఆపరేషన్ జరిగినంతసేపూ లిఫ్టాయన బయట వరండాలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఇరవయ్యో అంతస్తు ఎత్తున లిఫ్టు గొయ్యిలో పెట్టె నెత్తిన నిలబడి పని చేసినప్పుడు ఏనాడూ ఆయన కాళ్ళు వణకలేదు. అక్కడైతే ఏ బోల్టు ఎంత బిగించాలో తన చేతికి తెలుసు. ఇక్కడ తలుపు అవతల ఎవరో ఆవిడ గుండెని చేతుల్లోకి తీసుకుని ఏదో బిగిస్తున్నారు. తను చేయగలిగిందల్లా తలుపుకేసి చూడటం. ఆ చేతకానితనం ఆయనకి కొత్త. అది చొక్కాకి అంటిన గ్రీజులా మరి వదల్లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ వచ్చి ఆవిడకి జాగ్రత్తలు చెప్పింది. రక్తం గడ్డకట్టకుండా పలచగా ఉంచే మాత్ర ఒకటి జీవితాంతం వేసుకోవాలి, నెలనెలా రక్తపరీక్ష చేయించుకోవాలి అంది. తిండి సంగతి కూడా ఏదో చెప్పింది. ఆ సమయానికి లిఫ్టాయన టాక్సీ మాట్లాడటానికి గేటు దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ పక్క మంచం దగ్గరుంది.

"ఏమన్నారు?" అని అడిగాడు.

"మాత్ర మానొద్దన్నారు. తిండి మామూలుగా తినమన్నారు. ఆకుకూరలు అవీ కూడా మామూలుగానే తినమన్నారు" అంది ఆవిడ, చెప్పుల కోసం మంచం కింద కాలితో తడుముతూ.

మామూలుగా అంటే పథ్యం ఏమీ లేదని ఆయనకి అర్థమైంది. ఆవిడకీ అంతే అర్థమైంది. ఎవరికైనా అంతే అర్థమవుతుంది.

కొన్ని నెలలు సాఫీగానే గడిచాయి. పార్లరు మళ్ళీ తెరిచారు. గది నిశ్శబ్దంగా ఉంటే ఆవిడ గుండెలో కొత్త వాల్వు టిక్కు టిక్కుమనేది. "నా దగ్గర కూర్చుంటే టైమెంతయిందని అడగక్కర్లేదు, లెక్కపెట్టుకోండి" అనేది వచ్చినవాళ్ళతో. రక్తపరీక్షలు సరిగ్గా వచ్చేవి. కానీ లిఫ్టాయన మనసు కుదుటపడలేదు. భార్య కాస్త నీరసంగా కూర్చుంటే చాలు, కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ వంటగదికీ మధ్య తిరిగేవాడు. ఆవిడ కోసం ఏదో ఒకటి చేయాలి. ఏం చేయాలో తెలీదు. మాత్ర డాక్టరు ఇస్తుంది, పరీక్ష ల్యాబువాళ్ళు చేస్తారు, తనేం చేస్తాడు?

ఆ సమయంలో దొరికాడు సలాడ్ మాస్టారు.

పెద్ద హోటల్లో సామాను లిఫ్టు చెడిపోయిందని లిఫ్టాయన వెళ్ళాడు. ఆ లిఫ్టు తలుపు సరిగ్గా సలాడ్లు చేసే గదిలోకి తెరుచుకుంటుంది. అక్కడ పొయ్యి ఉండదు. చల్లటి గది, స్టీలు బల్ల, దాని మీద కొండలా ఆకులు. వాటి వెనక తెల్ల టోపీతో పొట్టిగా, గుండ్రంగా ఒకాయన, నీళ్ళలో ఆకులు ముంచి తీస్తూ, పసిపిల్లకి స్నానం చేయిస్తున్నంత మురిపెంగా వాటితో మాట్లాడుతున్నాడు.

"ఇదేం ఆకండీ?" అని అడిగాడు లిఫ్టాయన. ఆయన తనంతట తాను ఒకర్ని పలకరించడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

"రొమైన్ లెట్యూస్! తెలీదా? ఇదుగో, నమిలి చూడండి. మధ్య ఈనె కరకరలాడుతుంది, అంచు మెత్తగా ఉంటుంది. అంతా నీరే, కొవ్వు పేరుకైనా లేదు. పీచు ఉంది, కడుపుకి హాయి. కళ్ళకి మంచిది, రక్తానికి మంచిది. విటమిన్ కె అని ఒకటుంది, ఎముకలకి మంచిది. గుండె జబ్బువాళ్ళు మా హోటల్‌కి వస్తే నేను చెప్పేది ఇదొక్కటే. గిన్నెడు తినండి, గుర్రంలా తిరగండి!"

సలాడ్ మాస్టారు చెప్పింది అబద్ధమేం కాదు. గుండె అన్న మాట దగ్గరే లిఫ్టాయన చెవులు నిలబడ్డాయి. ఆ రోజు లిఫ్టు బాగయ్యాక కూడా ఆయన ఆ గదిలోనే చాలాసేపు నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు మాస్టారు ఒక కాగితం పొట్లంలో కాసిని విత్తనాలు పోసి ఇచ్చాడు. ఆకులు కోసేయగా మిగిలిన రెండు మొదళ్ళు కూడా ఇచ్చి, "వీటిని నీళ్ళలో నిలబెట్టండి, మళ్ళీ చిగురేస్తాయి" అన్నాడు.

ఇంట్లో ఆ మొదళ్ళని గ్లాసులో పెట్టి కిటికీలో ఉంచితే ఆవిడ చూసి, "ఇదేంటండీ, ఎవరింట్లోనో తిని పారేసినవి తెచ్చారా?" అంది. మర్నాటికల్లా నడుమన పచ్చగా ఒక మొన కనిపించింది. లిఫ్టాయన పనికి వెళ్ళబోతూ దాన్ని చూసి, సంచీ కింద పెట్టేసి, మళ్ళీ చూసి వెళ్ళాడు.

విత్తనాలు మాత్రం మొదట్లో ఏడిపించాయి. కూరగాయల గింజలు పాతినట్టు లోతుగా పాతాడు, ఒక్కటీ రాలేదు. ఈ గింజకి వెలుతురు తగలాలి, మట్టి పైపైన చల్లితే చాలు, వేడంటే గిట్టదు అని మాస్టారు చెప్పాడు. దాంతో చేపల దుకాణంలో పారేసిన థర్మోకోల్ పెట్టెలు తెచ్చి, కడిగి, అడుగున చిల్లులు పెట్టి, డాబా మీద ఎండ సోకని గోడవారన వరసగా పేర్చాడు. పాత లిఫ్టు తాడు నాలుగు మూలలా కట్టి, దాని మీద పచ్చ వల పరిచాడు. ఈసారి చిన్న చిన్న నాలుకల్లా మొలకలు వచ్చాయి. పొద్దున్నే లేచి చేత్తో నీళ్ళు చిలకరించేవాడు. ఆకు కింద నల్లపేను పురుగు పడితే తడిబట్టతో ఒక్కో ఆకూ తుడిచేవాడు. మొక్క మొత్తం పీకకూడదు, బయటి ఆకులు తెంపుకుంటే లోపల్నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయని నేర్చుకున్నాడు.

"నాతో ఇన్నేళ్ళూ మాట్లాడని మనిషి మొక్కలతో మాట్లాడుతున్నాడమ్మా!" అని పార్లరులో ఆవిడ ఫిర్యాదు చేసింది. "పైకెళ్ళి చాటుగా విన్నాను. 'ఏం, నిన్న ఎండెక్కువైందా?' అని అడుగుతున్నారు. నన్ను ఏనాడైనా అడిగారా?"

ఫిర్యాదు పేరుకే. ఆ గొంతులో గర్వం బల్ల మీదవాళ్ళకి తెలుస్తూనే ఉంది.

వంట మరో ప్రహసనం. అంతవరకూ లిఫ్టాయన గుడ్డు ఉడకబెట్టి ఎరగడు. మొదటి రోజు ఆకులన్నీ గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, మూత పెట్టి బాగా ఉడికించాడు. మూత తీస్తే బకెట్లో నానబెట్టిన బట్టలా ఉంది. ఆవిడ చెంచాతో ఎత్తి చూసి, "దీన్ని తినాలా, పిండి ఆరెయ్యాలా?" అంది. మళ్ళీ మాస్టారి దగ్గరికి పరుగు. పచ్చివైతే చల్లటి నీళ్ళలో ముంచి, తడి ఆరేదాకా బట్టలో చుట్టి, తినబోయే ముందు నిమ్మరసం, కొంచెం నూనె, దంచిన వెల్లుల్లి కలపాలి. ముందే కలిపి ఉంచితే వాడిపోతుంది. వేడిగా కావాలంటే మొక్కని నిలువునా రెండుగా చీల్చి, కోసిన వైపుకి నూనె రాసి, బాగా కాలిన పెనం మీద బోర్లించాలి. అంచులు కాస్త మాడగానే తీసెయ్యాలి. లోపలి ఈనె పచ్చిగానే ఉండాలి.

అలా కాల్చి పెట్టిన రోజు ఆవిడ తిని ఏమీ అనలేదు. పళ్ళెం ముందుకి జరిపి, "ఇంకోటుందా?" అంది.

ఆ ఒక్క మాటతో ఆయన ఏనుగెక్కినంత సంబరపడ్డాడు. అప్పట్నుంచి ఉదయం గిన్నెడు, సాయంత్రం గిన్నెడు. ఉల్లిపాయలూ బంగాళదుంపలూ ఉడికించి, దింపే ముందు ఆకు తుంపి కలిపిన సూపు ఒకటి కూడా నేర్చుకున్నాడు. ఆవిడ ముఖం తేటపడింది. ఒంట్లో చురుకు వచ్చిందని తనే అంది. పార్లరుకి వచ్చినవాళ్ళకి తలా ఒక కట్ట ఇచ్చి పంపేది. "మా ఆయన పెంచారు" అని చెప్పేది. నెల పరీక్షకి ఇంకా వారం ఉంది. దాని గురించి ఇద్దరిలో ఎవరికీ బెంగ లేదు. అంతకుముందు అన్నీ బాగానే వచ్చాయి కదా.

ఆ వారంలోనే ఒకరోజు ఉదయం ఇద్దరూ డాబా మీదున్నారు. ఆవిడ ఆకులు తెంపి బుట్టలో వేస్తోంది. ఆయన మట్టి గుల్లచేస్తున్నాడు. ఆవిడ ఏదో చెబుతోంది, ఆయన వింటున్నాడు. మధ్యలో, "ఆ కిటికీ ఇలా ఇవ్వండి" అంది.

ఆయన తలెత్తి చూశాడు. కత్తెర కోసం చెయ్యి చాపుతోంది.

"కిటికీ... కిటికీ కాదు. తువ్వాలు. అదే, ఆ..." అంటూ నవ్వింది. నవ్వు ముఖంలో ఒక పక్కనే వచ్చింది.

ఆయన కూడా నవ్వాడు. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి. ఇది కూడా తన మాట్లాడనితనం మీద కొత్త వెక్కిరింత అనుకున్నాడు. కత్తెర అందించాడు. అది ఆవిడ వేళ్ళలోంచి జారి పెట్టెలో మొక్కల మధ్య పడింది. ఆవిడ దానికేసి వింతగా చూస్తూ, కుడికాలు తనది కానట్టు ఒరిగి, గోడకి జారబడి కూర్చుంది. ఏదో అంటూనే ఉంది. అందులో మాట ఒక్కటీ లేదు.

అంబులెన్సు వాళ్ళు ఇరుకు మెట్ల మీంచి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. ఎవరెటు పట్టుకోవాలో వాళ్ళకి తెలుసు. లిఫ్టాయన ఒక చెయ్యి వెయ్యబోతే, "మీరు తప్పుకోండి సార్, దారివ్వండి" అన్నారు. గోడకి అంటుకుపోయి దారి ఇచ్చాడు. తను చేయగలిగిన సాయం అదేనని అప్పుడే తెలిసింది.

గుండెలోని వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టి, ముక్క ఒకటి మెదడులోకి వెళ్ళి ఇరుక్కుంది. పక్షవాతం. ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచెయ్యి, మాట, ఎంతవరకు వస్తాయో చెప్పలేమన్నారు.

సాయంత్రం డాక్టరమ్మ, ఆపరేషన్ అప్పటి ఆవిడే, వరండాలోకి వచ్చింది. రక్తం ఉండాల్సినంత పలచగా లేదని చెప్పి, "మాత్ర ఎప్పుడైనా మానేశారా?" అని అడిగింది.

"లేదండీ. నేనే దగ్గరుండి వేయిస్తాను."

"ఈమధ్య తిండిలో ఏమైనా మార్పు ఉందా?"

అంత దుఃఖంలోనూ లిఫ్టాయన ముఖం కొద్దిగా విచ్చుకుంది. తనకి జవాబు తెలిసిన ప్రశ్న అది.

"చాలా మారిందండీ. ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. రొమైన్ ఆకులు నేనే పెంచుతున్నాను, మందులు కొట్టకుండా. పొద్దున గిన్నెడు, సాయంత్రం గిన్నెడు పెడుతున్నాను. సూపు వేరే."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

ఆ గొంతు విని ఆయన ముఖం మళ్ళీ మూసుకుపోయింది. చెప్పాడు. డాక్టరమ్మ పక్కనున్న బల్ల మీద కూర్చుంది, ఆయన్నీ కూర్చోమంది. ఆ ఆకు మంచిదేనంది. కానీ అందులో ఉన్న విటమిన్ కె రక్తం గడ్డకట్టడానికి సాయపడుతుంది. ఆవిడ వేసుకునే మాత్ర గడ్డకట్టకుండా చూస్తుంది. అంతకుముందు తినే తిండికి సరిపడా మాత్ర మోతాదు కుదిర్చారు. ఆకు ఒక్కసారిగా పెరిగేసరికి మాత్ర చాల్లేదు.

"మామూలుగా తినమన్నారని మా ఆవిడ చెప్పిందండీ" అన్నాడు.

"అవును. మామూలుగా అంటే, ఎప్పుడూ తినేంతే తినమని. తగ్గించొద్దు, పెంచొద్దు అని."

"అయితే ఆ ఆకు పెట్టకూడదా?" అన్నాడు.

"పెట్టొచ్చు. అదే నా బాధ. రోజూ ఇంత తింటున్నామని చెప్పుంటే దానికి తగ్గట్టు మాత్ర మార్చేవాళ్ళం. అప్పుడు నిశ్చింతగా తినొచ్చు." డాక్టరమ్మ లేచింది. మళ్ళీ ఏమనుకుందో ఆగింది. "చూడండి, ఇదొక్కటే కారణమని కూడా నేను గట్టిగా చెప్పలేను. అన్నీ సరిగ్గా ఉన్నా కొందరికి ఇలా జరుగుతుంది. మీరు మనసులో పెట్టుకోకండి."

ఓదార్చడానికే అంది. కానీ ఆ మాట ఆయన్ని మరీ గాలిలో వదిలేసింది. తన వల్లే అని తేలితే తల బాదుకోవచ్చు. తన వల్ల కాదని తేలితే ఊపిరి పీల్చుకోవచ్చు. ఎటూ తేలకుండా పోయింది. కోప్పడదామంటే మనిషి కనిపించలేదు. డాక్టరమ్మ చెప్పాల్సింది చెప్పింది, భార్య విన్నది చెప్పింది, సలాడ్ మాస్టారు నిజమే చెప్పాడు.

ఆవిడ ఇంటికి వచ్చేసరికి వాళ్ళక్క దిగింది. లిఫ్టాయనకి వదిన. గట్టి మనిషి. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఇల్లంతా ఒక్క చేతి మీద నడిపింది. చెల్లెల్ని లేపడం, కూర్చోబెట్టడం, చేతికి వ్యాయామం చేయించడం అన్నీ తనే. లిఫ్టాయన అడ్డం వస్తే, "మీరు ఆ పక్కన కూర్చోండి మరిదిగారూ" అనేది. ఆయన ఆ పక్కన కూర్చునేవాడు.

పార్లరు మూతపడింది. వచ్చేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు, చూసి పోవడానికి. బల్ల మీద కూర్చుని ఏం మాట్లాడాలో తెలీక చేతులు చూసుకునేవారు. ఆ గదిలో మాటలు నడిపే బాధ్యత వాళ్ళకి ఎప్పుడూ లేదు మరి. ఒకావిడ అయితే, "ఆ ఆకులు ఇంకా ఉన్నాయా అన్నయ్యగారూ? పెడుతూ ఉండండి, త్వరగా కోలుకుంటుంది" అంది. ఆయన లేచి వెనకగదిలోకి వెళ్ళిపోయాడు.

సలాడ్ మాస్టారు కూడా వచ్చాడు. బండి దిగుతూనే చేతిలో లేత రొమైన్ మొక్కలు, వేళ్ళతో సహా, తడి గోనెలో చుట్టి. ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవి. "ఇంత జాగ్రత్తగా చూసుకున్నారు కదా, ఇలా ఎలా జరిగిందండీ?" అన్నాడు. జరిగింది చెప్పేద్దామని లిఫ్టాయన నోటిదాకా వచ్చింది. ఈ గుండ్రటి మనిషి రోజూ ఎంతమందికో ఎంత మురిపెంగా ఆ గిన్నెలు నింపుతాడో గుర్తొచ్చింది. మింగేశాడు. మొక్కలు తీసుకున్నాడు. ఆయన వెళ్ళాక వాటిని ఏం చేయాలో తెలీక చాలాసేపు గుమ్మంలో పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడకి మాట పూర్తిగా పోలేదు. కొన్ని పలుకులు మిగిలాయి. వాటిలో తనంతట తాను గట్టిగా, స్పష్టంగా అనే మాట ఒకటే. "చెప్పు."

మొదటిసారి ఆ మాట వినగానే లిఫ్టాయన ప్రాణం లేచి వచ్చింది. గభాలున వెళ్ళి గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులు తెచ్చి, తుడిచి, పాదాల దగ్గర పెట్టాడు. బయటికి తీసుకెళ్ళమంటోందని ఆయన ఆశ. ఆవిడ చెప్పులకేసి చూసింది, ఆయనకేసి చూసింది. ఎడమ చేత్తో ఒక చెప్పు తీసి గోడకి విసిరికొట్టింది.

"చెప్పు!"

వంటగదిలోంచి వచ్చిన వదిన సంగతి గ్రహించింది. "కాలి చెప్పు కాదేమో మరిదిగారూ. ఏదో చెప్పమంటోంది."

"ఏం చెప్పాలి?"

"నన్నడుగుతారేంటి? మీ ఇద్దరి మధ్యా ఏముందో నాకేం తెలుసు?"

ఆయనకి తెలుసు. నాకు ఇలా ఎందుకైంది అని అడుగుతోంది. డాక్టరమ్మ వరండాలో తనకి చెప్పింది, ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మాట అర్థమవుతుందో లేదో అనుకుని అందరూ ఆవిడ తల మీదుగా మాట్లాడేసుకున్నారు. కానీ ఆ కళ్ళు చూస్తే అన్నీ అర్థమవుతున్నట్టే ఉంది.

దాంతో నోరు మెదపని లిఫ్టాయన మాట్లాడటం మొదలుపెట్టాడు. పని నుంచి రాగానే కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఏ భవనంలో ఏ లిఫ్టు ఏం చేసిందో చెప్పేవాడు. ఒక పెద్దాయన లిఫ్టులో ఇరుక్కుపోతే తలుపు తీసేసరికి ఇంటికి తీసుకెళ్తున్న పుచ్చకాయ సగం తినేసి, గింజలు రుమాల్లో మూటకట్టి కూర్చున్నాడని చెప్పాడు. కుక్కని లోపల వదిలేసి తాను బయట ఉండిపోయిన పెద్దావిడ గురించి చెప్పాడు. ఆ కుక్క ఒక్కో అంతస్తులో దిగి చూసి మళ్ళీ ఎక్కిందట. వదిన వంటగదిలో నవ్వు ఆపుకోలేకపోయేది. ఆవిడ కూడా ముఖంలో ఒక పక్క నవ్వేది. అంతా అయ్యాక, మళ్ళీ ఆయన కళ్ళలోకి చూసి, "చెప్పు" అనేది.

డాబా మీద పెట్టెలకి నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ఎండలు ముదిరాయి. ఒకసారి ఏదో ఆరేయడానికి పైకి వెళ్ళి చూశాడు. మొక్కలు చచ్చిపోయి ఉంటాయనుకున్నాడు. చావలేదు. నడుమ కాడలు సాగి మోకాలెత్తు లేచి, చివర్న చిన్న చిన్న పసుపు పువ్వులు పూశాయి. ఒక ఆకు తుంపితే తెల్లటి పాలు కారాయి. నోట్లో పెట్టుకుంటే చేదు. ఉమ్మేశాడు. పీకి పారేద్దామని ఒక కాడ పట్టుకుని, ఎందుకో పీకలేక, వదిలేసి దిగివచ్చాడు.

ఒక ఆదివారం వదిన బజారుకి వెళ్ళింది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఆవిడ ఎడమచేత్తో తన జుట్టు చూపించింది, పార్లరు గది వైపు చూపించింది. ఆయన మెల్లగా నడిపించి తీసుకెళ్ళి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టాడు. వెనక నిలబడి దువ్వెన తీసుకున్నాడు. ఎప్పుడూ చేసిన పని కాదు. చిక్కు తగిలితే ఆవిడ మూతి బిగించేది, ఆయన ఆగిపోయేవాడు. ఎదురుగా నిలువెత్తు అద్దంలో ఇద్దరూ ఉన్నారు. తిన్నగా ముఖంలోకి చూడలేని మనిషికి అద్దంలో చూడటం కొంత తేలికైంది.

"చెప్పు" అంది ఆవిడ, అద్దంలోంచే.

"ఆకు వల్ల" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "నేను పెట్టిన ఆకు వల్ల అనుకుంటా. అది నీ మాత్ర బలం తగ్గించేసిందట. మామూలుగా తినమంటే, ఎప్పుడూ తిన్నంతే తినమని అర్థమట. నాకు తెలీదు. నీకు మంచిదనే పెట్టాను. నువ్వు ఇంకోటుందా అన్నావు చూడు, ఆ రోజు... ఇక ఆపలేకపోయాను."

దువ్వెన పళ్ళ మధ్య చిక్కిన వెంట్రుకలు తీస్తూ నిలబడ్డాడు.

ఆవిడ మాట్లాడింది. జబ్బుపడ్డాక అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. వెనకటి గొంతే, వెనకటి ఊపే. పైకి లేచింది, కిందికి దిగింది, మధ్యలో ప్రశ్నలా సాగింది, ఒకచోట చిన్నగా వెక్కిరింపులా విరిగింది. ఎడమచెయ్యి గాలిలో ఆడింది. అచ్చు పార్లరులో జుట్టు కత్తిరిస్తూ కబుర్లు చెప్పినట్టే ఉంది. అందులో తెలిసిన మాట మాత్రం ఒక్కటీ లేదు. ఆయన ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. గోడకి చెవి ఆనించి యంత్రం జబ్బు పట్టేసే మనిషి, బెత్తెడు దూరంలో ఉన్న భార్య ఏమంటోందో పట్టుకోలేకపోయాడు.

ఆవిడ ఆగి, అద్దంలో ఆయన జవాబు కోసం చూసింది.

"తిడుతున్నావా?" అని అడిగాడు.

"అవును" అంది ఆవిడ.

ఆయన తల వంచుకున్నాడు. "పోనీలెండి అంటున్నావా?" అన్నాడు.

"అవును" అంది, అంతే స్పష్టంగా.

మూడో ప్రశ్న అడగలేదు. అంతవరకూ జుట్టు సగమే దువ్వాడు, మిగతా సగం కూడా దువ్వాడు. బజారు నుంచి వదిన వచ్చి తలుపు తట్టేదాకా ఇద్దరూ ఆ అద్దం ముందే ఉన్నారు.

ఆ తర్వాత ఆవిడ "చెప్పు" అని అడగడం మానేసింది. కొత్త మాటలు కొన్ని వచ్చాయి, నీళ్ళు, అక్క, ఇటు, వద్దు. మాటలు నేర్పే అమ్మాయి వచ్చి బొమ్మలు చూపించి పలికిస్తోంది. కత్తెర బొమ్మ దగ్గర ఇప్పటికీ ఆగిపోతుంది. వదిన తన ఇంటికి వెళ్ళే ప్రయాణం మరికొన్నాళ్ళు వాయిదా వేసుకుంది. డాబా మీద పెట్టెలన్నీ తనే ఖాళీ చేసి, మట్టి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది.

డాక్టరమ్మ మాత్ర మోతాదు కొత్తగా కుదిర్చింది. రోజూ ఒక చిన్న కప్పుడు ఆకు తినొచ్చు, అంతకు మించకుండా, మానకుండా తినడమే మంచిది అంది. ఆవిడకి ఆ ఆకంటే ఇష్టం కూడా. అందుకని వదిన దుకాణం నుంచి తెచ్చి, కడిగి, నిమ్మరసం పిండి పెడుతుంది. ఆవిడ ఎడమచేత్తో ఒక్కో ఆకూ తీసుకుని నెమ్మదిగా నములుతుంది. లిఫ్టాయన ఆ గదిలో ఉండలేడు. ఆ కప్పు బల్ల మీదికి రాగానే లేచి వీధిలోకి వెళ్ళి, గేటు పట్టుకుని నిలబడతాడు. దారిన పోయేవాళ్ళు, "ఏం లిఫ్టాయనా, పనికి వెళ్ళలేదా?" అని పలకరిస్తే తల ఊపుతాడు. కిటికీలోంచి వదిన, "తినేసింది, ఇక లోపలికి రండి మరిదిగారూ" అంటేనే మళ్ళీ గుమ్మం ఎక్కుతాడు.